క్యారియర్ మూత తీయనివ్వని సిస్టర్‌కి

మా అమ్మాయి నిన్న డిశ్చార్జి అయింది. పదహారు రోజులు ఉన్నాం. పేర్లు రాయొద్దంది, రాయను. కానీ చెప్పాల్సినవాళ్లకి థ్యాంక్స్ చెప్పకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు.

ముందు మా బ్రాడీపేట మెడికల్ షాపు అబ్బాయికి. రోహిణి కార్తెలో, రోళ్లు పగిలే ఎండలో పిల్ల దుప్పటి కప్పుకుని కూర్చుంటే జ్వరమనుకున్నాం. నెలసరి ఆగితే పరీక్షల టెన్షన్ అనుకున్నాం. (పెళ్లిలో చూసి "సన్నబడ్డావే, బాగున్నావు" అని మురిసిపోయినవాళ్లలో నేనూ ఉన్నాను.) జుట్టు రాలుతోందని బీకాంప్లెక్స్ కోసం వెళ్తే, ఆ అబ్బాయి దాని మొహం చూసి వేలికి ఆక్సిజన్ మిషన్ పెట్టాడు. 98. "బాగానే ఉందిగా" అన్నాను. "అది కాదాంటీ, కింద అంకె చూడండి." 39. నాడి! వేలు మార్చి పెట్టినా అంతే. 108కి ఫోన్ చేసి, బండి వచ్చేదాకా షాపు బెంచీ మీద పడుకోబెట్టాడు.

రక్తంలో పొటాషియం 2.6 వచ్చింది. 3.5కి తగ్గకూడదట. నెలల తరబడి తినక, తిన్నదీ వాంతి చేసుకుంటే ఇలా పడిపోతుందని, గుండె లయ ఎప్పుడైనా తప్పొచ్చని డ్యూటీ డాక్టరు గారు చెప్పారు. అనొరెక్సియా, అంటే లావవుతామన్న భయంతో తిండి మానేసే మానసిక జబ్బు, అన్న మాట అప్పుడే విన్నాను. "మొండితనం కాదండీ, జబ్బు" అని మావారికి రెండుసార్లు చెప్పారు. ఆయనకి రెండుసార్లు చెప్పాలి కూడా.

మర్నాడు క్యారియర్ నిండా ముద్దపప్పు, నెయ్యి, వేడన్నం పట్టుకెళ్లాను. పస్తున్న పిల్లకి అన్నం కంటే మందేముంటుంది? మూత తీయబోతే సిస్టర్ చెయ్యి అడ్డం పెట్టారు. నాకు ఒళ్లు మండి అరిచేశాను. ఆవిడ స్టూలు లాక్కుని కూర్చుని చెప్పారు: చాలాకాలం తిండిలేని ఒంట్లో ఒక్కసారిగా అన్నం పడితే ఇన్సులిన్ పెరిగి, రక్తంలో ఉన్న కాస్త ఫాస్ఫేటూ పొటాషియమూ కణాల్లోకి పోతాయి, గుండె ఆగిపోవచ్చు. రీఫీడింగ్ సిండ్రోమ్ అంటారట. రెండో ప్రపంచయుద్ధంలో ఆకలి నుంచి బయటపడ్డ ఖైదీలు కొందరు తిండి దొరికాకే పోయారట. అందుకే ముందు థయామిన్ (బి1 విటమిన్) ఇంజెక్షన్, తర్వాత కొలిచి కొంచెం కొంచెంగా తిండి, రోజూ పొద్దున్నే రక్తపరీక్ష.

నా చేత్తో నేనే పెట్టేదాన్ని.

ఎముకల స్కాన్ ఇంకా ఉంది. వారం వారం సైకియాట్రిస్టు గారి దగ్గరికీ వెళ్లాలి. సిస్టర్, ఆ రోజు అరిచినందుకు ఏమనుకోకండి. సోమవారం చెకప్‌కి వస్తున్నాం. గోంగూర పప్పు తెస్తాను, మీకే. మూత మీరే తీయండి.