‘కుటుంబ సమేతంగా’ అని రాసే ముందు

సంపాదకులు గారికి,

నమస్కారం. మీ పత్రిక బెంగళూరు ఎడిషన్‌లో సినిమా సమీక్ష వచ్చిన రోజు మా ఇంట్లో పేపరు ముందు నా చేతికే రావాలి. గాంధీనగర్‌లో తెలుగు సినిమాలు ఎక్కువగా ఆడే ఒక థియేటర్లో గేటు దగ్గర టికెట్లు చింపే పనితో మొదలుపెట్టి మేనేజరుగా రిటైరైనవాణ్ణి. సొంతూరు హిందూపురం పక్కన. ఆ థియేటరు ఇప్పుడు లేదు, షాపింగ్ కాంప్లెక్స్ లేచింది. అయినా మా అపార్ట్‌మెంట్లో తెలుగువాళ్ళు శుక్రవారం వచ్చిందంటే లిఫ్టు దగ్గర నన్ను ఆపుతారు. సినిమా బాగుందా అని అడిగేవాళ్ళు తక్కువ. “పిల్లల్ని తీసుకెళ్ళొచ్చా అంకుల్?” అనే అడుగుతారు.

పోయిన నెలలో ఒక పెద్ద హీరో సినిమాకి మీరు మూడు స్టార్లు ఇచ్చి, చివర్లో “కుటుంబ సమేతంగా చూడదగ్గ చిత్రం” అని రాశారు. ఏ సినిమా అన్నది ఎందుకులెండి, ఆ బాపతువి ఏడాదికి చాలానే వస్తున్నాయి. బుకింగ్ యాప్‌లో సినిమా నిడివి పక్కన చిన్న అక్షరాల్లో యూఏ 16 ప్లస్ అని సెన్సారు సర్టిఫికెట్ ఉంది, అంటే పదహారేళ్ళ లోపు పిల్లల్ని పెద్దవాళ్ళు ఆలోచించి తీసుకెళ్ళాలని. మా కోడలు అది చూసింది కూడా. “పేపర్లో ఫ్యామిలీ సినిమా అని రాశారుగా మామయ్యా” అని ఆరుగురికీ టికెట్లు తీసేసింది.

సినిమా మొదలైన అరగంటకి గొడ్డలి ఫైటు. హాలంతా ఈలలు. మా మనవడికి ఎనిమిదేళ్ళు. వాడు రెండు చేతులతో చెవులు గట్టిగా మూసుకుని, తల పక్కకి తిప్పి, తలుపు మీద ఎర్రగా వెలుగుతున్న ఎగ్జిట్ బోర్డు వైపే చూస్తూ కూర్చున్నాడు. అయిపోయిందిరా, ఇటు చూడు అంటే తిరగడు. కాసేపటికి నా చొక్కా లాగి, “తాతా, ఆయన మళ్ళీ వస్తాడా?” అన్నాడు. ఆయనంటే విలన్ అనుకున్నాను. హీరో!

ఆ సినిమా తీసినవాళ్ళ మీద నాకు కోపం లేదు. పదహారేళ్ళ పైవాళ్ళకని సర్టిఫికెట్ తీసుకున్నారు, ఆ కుర్రాళ్ళకి నచ్చేలా తీశారు. తొమ్మిదో తరగతి చదివే మా మనవరాలు మాత్రం బాగానే చూసింది, పాటలు ఇప్పటికీ పాడుతోంది. నా ఫిర్యాదు మీ సమీక్షలోని ఆ చివరి వాక్యం మీద.

సెన్సారు సంగతి నాకు కొంత తెలుసు కాబట్టి చెబుతున్నాను. 1983లో యూఏ వచ్చినప్పటి నుంచి మొన్నమొన్నటి దాకా దానికి ఉన్న గీత ఒక్కటే, పన్నెండేళ్ళు. ఆ లోపు పిల్లలైతే పెద్దవాళ్ళు ఆలోచించి తీసుకురావాలి. కాస్త కొట్లాట ఉన్న సినిమాకీ, నెత్తురు ఏరులై పారే సినిమాకీ అదే ముద్ర పడేది. 2023లో చట్టం మార్చి దాన్ని 7 ప్లస్, 13 ప్లస్, 16 ప్లస్ అని మూడుగా విడగొట్టారు. చాలా మంచి పని. కానీ గేటు దగ్గర దాని బలం ఎంతో గేటు దగ్గర నిలబడ్డవాడికే తెలుస్తుంది. పెద్దలకు మాత్రమే అనే ‘ఏ’ (A) సర్టిఫికెట్ సినిమాకి పద్దెనిమిది నిండనివాణ్ణి మేం ఆపి తీరాలి. మూతి మీద నూనూగు మీసం కూడా రాని పిల్లాణ్ణి ముందు నిలబెట్టి “వీడు డిగ్రీ చదువుతున్నాడండీ” అని గొడవకి దిగిన తండ్రుల్ని చాలామందిని చూశాను. యూఏకి అలా కాదు. అందులో వయసు అంకె తల్లిదండ్రులకి సలహా మాత్రమే, థియేటరువాడు ఎవర్నీ ఆపడానికి లేదు. అంటే తీసుకెళ్ళాలా వద్దా అని తేల్చుకోవాల్సింది ఇంట్లోనే. అక్కడ మాకు దొరికేది మీ సమీక్షే.

అంకె చూసినా ఎందుకిచ్చారో తెలియదు. అదే సినిమా నాలుగు వారాల తర్వాత ఓటీటీలోకి వస్తే, మొదలవుతూనే మూల మీద హింస, బూతులు, మద్యం అని వేస్తారు. 2021లో వచ్చిన రూల్సు ప్రకారం వాళ్ళు అలా చెప్పాలి. సిగరెట్టు సంగతి సరేసరి. 2012 నుంచి హీరో సిగరెట్టు ముట్టిస్తే చాలు, తెర కింద హెచ్చరిక ప్రత్యక్షం, సినిమాకి ముందూ మధ్యలోనూ ప్రకటన అదనం. ఆ సిగరెట్టు కాలుస్తూనే పదిమందిని నరికితే దానికి మాత్రం ఏ అక్షరమూ పడదు.

మీ సమీక్షకుల తీరు కూడా కొంచెం అలాగే ఉందని చెప్పక తప్పదు. ముద్దు సీను ఒకటుంటే “కొన్ని సన్నివేశాలు కుటుంబ ప్రేక్షకులకు ఇబ్బంది” అని తప్పకుండా రాస్తారు. పేగులు బయటికి తీస్తే “మాస్‌కు పూనకాలే” అంటారు. డబుల్ మీనింగ్ లేదు, పొట్టి బట్టలు లేవు, కాబట్టి ఫ్యామిలీ సినిమా అనేస్తారు. మరి అమ్మాయి వద్దు మొర్రో అంటున్నా రెండు పాటల పాటు వెంటపడే హీరో సంగతి? నల్లగా ఉన్న పిల్లని చూసి హాలంతా నవ్వాలని పెట్టిన కామెడీ ట్రాకు సంగతి? మనవరాలు పక్కన కూర్చుని ఉంటే నాకు ముద్దు సీను కంటే అవే ఎక్కువ ఇబ్బంది. ముద్దు సీనుకి ఫోను చూసుకున్నట్టు నటిస్తాను, అయిపోతుంది.

ఇంకో సంగతి. యూ సర్టిఫికెట్ వస్తే నిర్మాతలు ‘క్లీన్ యూ’ అని పోస్టర్ మీద పెద్దగా వేయిస్తారు. యూ అంటే అందరూ చూడొచ్చని, అందరికీ నచ్చుతుందని ఎవరూ హామీ ఇవ్వలేదు. అలాంటివి ఆడిన రోజుల్లో ఇంటర్వెల్‌కి తండ్రులు పిల్లల్ని భుజాన వేసుకుని వరండాలో పచార్లు చేసేవారు. “ఇంకా ఎంతసేపుందండీ?” అని ఎవరైనా గేటుమ్యాన్‌ని అడిగారంటే ఆ సినిమా ఇక లేవదని మాకు అర్థమైపోయేది. మా ఆవిడ సంగతి చెబితే నవ్వుతారు. ఉమ్మడి కుటుంబం, పెళ్ళి పందిరి, చివర్లో ఏడుపులు అంటే ఆమెకి చచ్చేంత బోరు. హత్య ఎవరు చేశారో చివరిదాకా తెలియని సినిమా అయితే కాఫీ కూడా తాగకుండా చూస్తుంది. ఆమె కూడా కుటుంబమే కదండీ.

మా రోజుల్లో మాకు స్టార్లు లేవు, సోమవారం మ్యాట్నీ ఉండేది. మొదటి మూడు రోజులు అభిమానులవి, ఆ కలెక్షన్ చూసి ఎవరం మోసపోయేవాళ్ళం కాదు. సోమవారం మధ్యాహ్నం బాల్కనీలో ఆడవాళ్ళు, పిల్లలు, పెద్దవాళ్ళు కనిపిస్తే సినిమా నాలుగు వారాలు ఆడుతుందని ధైర్యంగా చెప్పేవాళ్ళం. బెంగళూరులో ఇంకో లెక్క కూడా ఉండేది. హాల్లో సగంమంది కన్నడంవాళ్ళు, తమిళంవాళ్ళు. భాష సరిగా రానివాళ్ళ పిల్లలు కూడా ఒకేచోట నవ్వితే అది నిజంగా ఇంటిల్లిపాదీ చూసే సినిమా. మీ సమీక్షకులు శుక్రవారం పొద్దున్నే ఈలలు, కాగితాలు, కటౌట్‌కి పాలాభిషేకం మధ్య కూర్చుని కుటుంబాల గురించి రాస్తున్నారు. ఆ షోలో కుటుంబాలేవి? మంగళవారం ఒక చిన్న పేరా అదనంగా వేయడానికైనా సోమవారం మ్యాట్నీకి ఒకసారి పంపి చూడండి.

ఖర్చు సంగతి చెప్పకపోతే మా అబ్బాయి ఊరుకోడు. ఆ ఆదివారం ఆరుగురికి టికెట్లు, పాప్‌కార్న్, క్యాబ్ కలిపి నాలుగు వేలు దాటింది. 2025 సెప్టెంబరులో కర్ణాటక ప్రభుత్వం టికెట్టు 200 రూపాయలు మించకూడదని ఉత్తర్వు ఇచ్చింది, ఆ నెలలోనే హైకోర్టు స్టే ఇచ్చింది. టికెట్ ధర మీ చేతుల్లో లేదు, నా చేతుల్లోనూ లేదు. రెండు వాక్యాలు మాత్రం మీ చేతుల్లో ఉన్నాయి.

సమీక్ష కింద స్టార్లు వేసే చోటే సర్టిఫికెట్ వయసుతో సహా వేయండి. నెత్తురెంత, బూతులెంత, తాగుడెంత అన్నది కథ బయటపెట్టకుండానే ఒక్క వాక్యంలో చెప్పొచ్చు. సౌండు ఎక్కువగా ఉంటే అదీ రాయండి, చిన్నపిల్లలు బొమ్మ కంటే శబ్దానికే ఎక్కువ బెదురుతారు. మూడు గంటల సినిమా అయితే మోకాళ్ళ నొప్పులున్న నాలాంటివాళ్ళకి ముందే తెలియాలి. ఆ తర్వాత బాగుందో లేదో మీ ఇష్టం వచ్చినట్టు రాసుకోండి, దాని మీద మీతో నేను రోజూ పోట్లాడతాను. పై పేజీలో నిర్మాతలు ‘ఫ్యామిలీ బ్లాక్‌బస్టర్’ అని ప్రకటన వేసుకుంటే అది వాళ్ళ డబ్బు, వాళ్ళ మాట. కింద మీ సమీక్షలోనూ అదే మాట ఎందుకు?

దసరా సెలవులకి రెండు సినిమాలు వస్తున్నాయట. కోడలు అప్పుడే అడగడం మొదలుపెట్టింది. ఈసారి శనివారం పేపరు చూశాకే టికెట్లు తీద్దామని చెప్పాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ థియేటర్ మేనేజర్
రామమూర్తినగర్, బెంగళూరు