రాత్రి డ్యూటీ అక్కకి

అక్కా, మీ పేరడగడం మర్చిపోయాను. చెన్నైలో నా కాన్పయిన మర్నాడు, వర్జ్యం రాకముందే ఇంటికెళ్ళాలని మావాళ్ళు సంచులు సర్దేశారు. మామూలు కాన్పే కదా అని నేనూ సరేనన్నాను. తల పగిలిపోతున్నా, నిద్ర లేకేమో అనుకున్నాను. తమిళం కలిసిన తెలుగులో మీరొక్కరే అడిగారు: "కళ్ళు మసకగా ఉన్నాయా అమ్మా?" ఉన్నాయి. బీపీ చూసి మీరు పరిగెత్తిన పరుగు నాకింకా గుర్తే.

గుర్రపువాతం, అంటే బీపీ పెరిగి ఫిట్స్ వచ్చే జబ్బు, కాన్పు తర్వాత కూడా రావచ్చని నాకప్పటిదాకా తెలీదు. ఏ ఇబ్బందీ లేని కాన్పుకైనా కనీసం 24 గంటలు ఆస్పత్రిలో ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది, మన ప్రభుత్వం 48 గంటలంటుంది. మీరు అవేవీ చెప్పలేదు. మా అత్తగారి చేయి పట్టుకుని "ఈ పిల్లని ఇప్పుడు పంపను" అన్నారు, అంతే.

మూడో రోజు పాప ఒళ్ళు పచ్చబడింది. అక్కడే ఉన్నాం కాబట్టి వెంటనే లైటు కింద పెట్టారు. తెల్లవారుజామున పాలు పట్టించడం నేర్పిందీ మీరే.

పాపకి నాలుగో నెల వచ్చింది, బోర్లా పడుతోంది. మీకు చూపించాలనుంది అక్కా.