క్రూయిజర్ బైకు కొనేవారు కాళ్ల కొలత కూడా చూసుకోవాలి

సంపాదకుల వారికి,

నమస్కారం. మీ పత్రిక వాహనాల పేజీలో క్రూయిజర్ బైకుల (కాళ్లు ముందుకు చాపి నిటారుగా కూర్చుని నడిపే బండ్ల) గురించి వచ్చే సమీక్షలను నేను శ్రద్ధగా చదువుతాను. ఇంజిను ఎన్ని సీసీలు, లీటరుకు ఎంత మైలేజీ, ధర ఎంత, ఏయే రంగుల్లో దొరుకుతుంది అన్న వివరాలన్నీ వాటిలో ఉంటాయి. నడిపేవారి పాదాలు ఎక్కడ ఆనుతాయి, బ్రేకు పెడలూ గేరు లివరూ ఎంత దూరంలో ఉంటాయి, ఎంత పొడగరికి అవి నప్పుతాయి అన్న విషయం మాత్రం ఒక్క వాక్యంలో ముగిసిపోతుంది, ఒక్కోసారి ఆ వాక్యం కూడా ఉండదు. క్రూయిజరు విషయంలో ఇది చిన్న లోపం కాదని అనుభవం మీద తెలిసింది కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను నంద్యాల జిల్లాలో ఉపాధ్యాయుణ్ని. నా ఎత్తు 5 అడుగుల 4 అంగుళాలు. పన్నెండేళ్లు వంద సీసీ బండి నడిపాక నడుము నొప్పి మొదలైంది. కాళ్లు చాపుకుని నిటారుగా కూర్చోవచ్చన్న ఆశతో రెండేళ్ల కిందట ఒక క్రూయిజరు కొన్నాను. షోరూములో నిలిపి ఉన్న బండి మీద రెండు నిమిషాలు కూర్చుని చూశాను. రెండు పాదాలూ నేలకు పూర్తిగా ఆనాయి, సీటు మెత్తగా ఉంది, అంతకు మించి చూసుకోవలసింది లేదనుకున్నాను. పాదాలు నేల మీద కాక ఫుట్‌రెస్టుల మీద ఉన్నప్పుడు ఎలా ఉంటుందో చూడాలన్న ఆలోచన నాకు రాలేదు, అమ్మినవారూ చెప్పలేదు.

సీటు ఎత్తు తక్కువగా ఉండటం వేరు, ఫుట్‌రెస్టులు కాలికి అందుబాటులో ఉండటం వేరు. క్రూయిజర్లలో మీటియోర్ 350 సీటు ఎత్తు 765 మిల్లీమీటర్లు, సూపర్ మీటియోర్ 650ది 740, అవెంజర్ 220ది 737. ఈ అంకెలు చూస్తే పొట్టివారికి ఇవన్నీ అనువైనవే అనిపిస్తుంది. కానీ క్రూయిజర్లలో ఫుట్‌రెస్టులను మామూలు బైకుల కన్నా ముందుకు జరిపి బిగిస్తారు కాబట్టి, నేల అందిన కాలికే పెడలు అందకపోవచ్చు. నాకు జరిగింది అదే. గేరు మార్చిన ప్రతిసారీ ఎడమ మోకాలు పూర్తిగా చాచి, సీటులో బెత్తెడు ముందుకు జారాల్సి వచ్చేది. ముప్పై కిలోమీటర్లు వెళ్లేసరికి వెన్ను చివర సలుపు మొదలయ్యేది. నడుము నొప్పి తగ్గాలని కొన్న బండి దాన్ని ఇంకో చోటికి మార్చింది.

దీనికి కారణం సులభంగానే అర్థమవుతుంది. పాదాలు ఒంటికి కిందుగా ఉన్న బండి మీద గతుకు కనిపించగానే కాళ్ల మీద బరువు వేసి సీటు మీది నుంచి కాస్త లేస్తాం, దెబ్బను మోకాళ్లు మింగేస్తాయి. పాదాలు ముందుకు పోయిన బండి మీద అలా లేవడం కుదరదు. ఒంటి బరువంతా సీటు మీదే ఉంటుంది, స్పీడ్ బ్రేకర్ దెబ్బ నేరుగా వెన్నుకు తగులుతుంది. నున్నటి పొడవాటి రోడ్ల కోసం పుట్టిన కూర్చునే తీరు ఇది. ఊరు మొదట్లో ఒకటి, బడి ముందు ఒకటి, ఊరు దాటేచోట మరొకటి స్పీడ్ బ్రేకర్లున్న మన దారుల్లో, రోజూ బండి నడిపేవారికి ఫుట్‌రెస్టులు మరీ ముందున్న బండి కన్నా ఓ మోస్తరుగా ముందున్న బండే మేలని నా గట్టి అభిప్రాయం.

కొనే ముందు పరీక్షించడానికి పనిముట్లేవీ అక్కర్లేదు. రోజూ వేసుకునే చెప్పులో బూట్లో వేసుకుని వెళ్లాలి. సీటు వెనక అంచుకు నడుము ఆనేలా కూర్చుని, బండిని ఎవరినైనా పట్టుకోమని రెండు పాదాలూ ఫుట్‌రెస్టుల మీద పెట్టాలి. బ్రేకు పెడలును చివరిదాకా నొక్కినప్పుడు కూడా మోకాలిలో కొంచెం వంపు మిగలాలి. మడమ దగ్గర కీలు వంచితే పెడలు దిగాలి గాని, తొడ ఎత్తి కాలు మొత్తం లేపాల్సి వస్తే పెడలు మీకు ఎత్తుగా ఉన్నట్టు. కాలు పూర్తిగా చాపితే గాని అందకపోతే అది మీ బండి కాదు, ఎంత అందంగా ఉన్నా సరే.

కొద్దిపాటి తేడాను సర్దుకోవచ్చన్న సంగతి మాత్రం చాలామందికి తెలియదు, నాకూ ఆరు నెలల దాకా తెలియదు. మా ఊరి మెకానిక్ ఒకాయన నన్ను బండి మీద కూర్చోబెట్టి, నా పాదం ఎక్కడ ఆగుతోందో వంగి చూశారు. గేరు లివరును పట్టి ఉంచిన చిన్న బోల్టు ఊడదీసి, లివరును ఇరుసు మీది నుంచి బయటికి లాగారు. ఆ ఇరుసు చుట్టూ సన్నటి పళ్లుంటాయి. ఒక్క పన్ను కిందికి తిప్పి మళ్లీ తొడిగేసరికి లివరు కొస దాదాపు వేలెడు కిందికి దిగింది. తరవాత బ్రేకు పెడలు దగ్గర లాక్ నట్టు వదులు చేసి పెడలు ఎత్తు తగ్గించారు. అంతటితో ఆపకుండా వెనక చక్రాన్ని పైకి లేపి చేత్తో తిప్పి, బ్రేకు పట్టడం లేదని చూసుకున్నారు, పెడలును మెల్లగా నొక్కి వెనక లైటు వెలుగుతోందో లేదో చూడమన్నారు. పెడలుకు కొంత ఖాళీ కదలిక మిగల్చకపోతే బ్రేకు ఎప్పుడూ పట్టుకునే ఉండి వేడెక్కుతుందని, లైటు స్విచ్చు సర్దకపోతే మనం బ్రేకు వేసినట్టు వెనకవారికి తెలియదని చెప్పారు. పావుగంట పని అది. బండి చేతికిచ్చే రోజే షోరూములో చేయదగిన పని కూడా.

గేర్ల వరస గురించి ప్రత్యేకంగా చెప్పాలి. స్ప్లెండర్ వంటి బండ్ల మీద ముందు వైపు నొక్కుతూ పోతే గేర్లు పెరుగుతాయి. క్రూయిజర్లలో మొదటి గేరు మాత్రమే కిందికి, మిగిలినవన్నీ పైకి. కాబట్టి ముందూ వెనకా తొక్కే పొడవాటి లివరు ఉన్న మీటియోర్ వంటి క్రూయిజరు మీద మడమతో నొక్కితే లివరు ముందు కొస పైకి లేచి గేరు పెరుగుతుంది, వేళ్లతో నొక్కితే తగ్గుతుంది. పన్నెండేళ్ల అలవాటు కొద్దీ నేను మొదటి వారంలో రెండుసార్లు గేరు పెంచబోయి తగ్గించాను, వెనక చక్రం పట్టేసినట్టయి బండి అడ్డంగా ఊగింది. పాత బుల్లెట్ నడిపినవారికి ఇంకో చిక్కు, వాటికి గేరు కుడివైపు, బ్రేకు ఎడమవైపు ఉండేవి. ఏ బండి నుంచి వచ్చినా మొదటి రెండు రోజులు ఖాళీ రోడ్డు మీద కాలికి కొత్త అలవాటు నేర్పాలి. అయినా చెప్పులతో నడిపేవారికి మడమ లివరే మేలని నేనంటాను. వేళ్ల కిందినుంచి లివరును రోజుకు వందసార్లు ఎత్తితే బొటనవేలు మీద కాయ కాస్తుంది.

కుర్రవాళ్లు ముచ్చటపడి లెగ్ గార్డు మీద బిగించుకునే అదనపు ఫుట్‌రెస్టుల విషయంలో నేను కొంచెం కఠినంగానే చెబుతాను. నేనూ బిగించుకున్నాను. పాణ్యం దాటాక ఒక సాయంత్రం పొలం గట్టు మీది నుంచి గేదె రోడ్డెక్కింది. కాలు లెగ్ గార్డు మీది నుంచి తీసి, బ్రేకు పెడలు వెతుక్కునేలోపు ముందు బ్రేకు ఒక్కదాని మీదే ఆధారపడ్డాను. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు 22 మీటర్లు పోతుంది, కాలు వెనక్కి రావడానికి అర సెకను పట్టినా 11 మీటర్లు పోయినట్టే. గేదె తోక నా మోచేతికి తగిలింది. మర్నాడే వాటిని తీయించేశాను. కాళ్లు తిమ్మిరెక్కితే బండి ఆపి నాలుగడుగులు వేయడం మంచిది.

నంద్యాల నుంచి గిద్దలూరు వెళ్లే నల్లమల ఘాట్ వంటి దారుల్లో తిరిగేవారు ఫుట్‌రెస్టులు నేలకు ఎంత దగ్గరగా ఉన్నాయో కూడా చూసుకోవాలి. మలుపులో బండి వంగినప్పుడు క్రూయిజరు ఫుట్‌రెస్టు త్వరగా రోడ్డుకు తగులుతుంది. తగిలితే పైకి మడుచుకునేలా దాన్ని తయారు చేస్తారు. మడుచుకోని ఇనుప కడ్డీని వెల్డింగు చేయించి పెట్టుకుంటే అది చక్రాన్ని నేల నుంచి లేపేయగలదు. పైగా 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్‌లోని వివరాలు తయారీదారు మొదట ఇచ్చిన వివరాలకు భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. ఫ్రేమును కోసి, అతికించి ఫుట్‌రెస్టులు ముందుకు జరిపించుకునేవారు ఈ మాట గుర్తుంచుకోవాలి.

వెనక కూర్చునేవారిని మనం అసలే లెక్కలోకి తీసుకోం. వెనక సీటున్న బండికి చేతిపట్టు, ఫుట్‌రెస్టు, వెనక చక్రంలో సగానికి తగ్గకుండా కప్పే రక్షణ ఉండాలని కేంద్ర మోటారు వాహనాల నియమాల్లోని 123వ నియమం చెబుతోంది. ఫుట్‌రెస్టు ఉండటం ఒక ఎత్తు, అది కూర్చునేవారి కాలికి అందడం ఇంకో ఎత్తు. చీర కట్టుకుని ఒక పక్కకు కూర్చునే నా భార్యకు ఎడమవైపు మెట్టు అందక, పాదాలు గాల్లో వేలాడేవి. ఇరవై కిలోమీటర్లకే ఆమె కాళ్లు వాచేవి. ఆ మెట్టును మూడంగుళాలు పైకి బిగించే వీలున్న శారీ గార్డు వేయించాక గాని ఆమె మళ్లీ బండెక్కలేదు. బండి చూడటానికి వెళ్లేటప్పుడు ఇంట్లోవారిని కూడా తీసుకెళ్లి వెనక కూర్చోబెట్టి చూడాలి. రెండు వైపులా సైలెన్సర్లున్న బండి అయితే ఆ వేడి వారి కాలికి ఎంత దగ్గరగా ఉందో చేయి పెట్టి చూడాలి.

కంపెనీలు తలచుకుంటే చేయలేని పని కాదిది. కవాసాకి వల్కన్ ఎస్‌లో ఫుట్‌రెస్టులను మూడు చోట్ల బిగించుకునే ఏర్పాటు ఉంది. మధ్య స్థానం నుంచి అంగుళం ముందుకూ అంగుళం వెనక్కూ జరుపుకోవచ్చు. అది ఖరీదైన బండే, కానీ రెండు బోల్టు రంధ్రాలు అదనంగా వేయడానికి మధ్యతరగతి క్రూయిజర్ల తయారీదారులకు అంత ఖర్చు కాదనుకుంటాను. షోరూములవారు కూడా వీధి చివరి దాకా ఒక చుట్టు తిప్పించి సరిపెట్టకుండా, నాలుగు స్పీడ్ బ్రేకర్లున్న దారిలో కనీసం పది కిలోమీటర్లు నడిపి చూడనివ్వాలి.

ఇక మీకు నా మనవి. ఇకపై ఏ క్రూయిజరును సమీక్షించినా 5 అడుగుల 3 అంగుళాలున్న ఒకరిని, 6 అడుగులున్న మరొకరిని దాని మీద కూర్చోబెట్టి, సీటు నుంచి ఫుట్‌రెస్టు దాకా టేపుతో కొలిచి, బ్రేకు నొక్కినప్పుడు వారి మోకాలు ఎలా ఉందో ఒక ఫొటో తీసి, మైలేజీ అంకె పక్కనే ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
నంద్యాల జిల్లా