శనివారం బ్యోర్క్ ఆల్బమ్‌లు: ముందే వినాల్సినవి

అందరికీ నమస్కారం!

ఈ శనివారం రాత్రి 8 గంటలకు మన గ్రూప్ కాల్. ఈసారి ఐస్‌లాండ్ గాయని బ్యోర్క్. ఆల్బమ్‌లన్నీ ఒక్క రాత్రిలో అయ్యే పని కాదు కాబట్టి మూడే పోల్చుకుందాం: 'హోమోజెనిక్' (1997), 'వెస్పర్‌టీన్' (2001), 'మెడుల్లా' (2004).

మొదటిదాంట్లో ఒకవైపు వయొలిన్ లాంటి తీగవాద్యాలు, ఇంకోవైపు గరుకైన ఎలక్ట్రానిక్ బీట్లు. రెండూ ఢీకొంటున్నట్టే ఉంటాయి.

'వెస్పర్‌టీన్'కి వచ్చేసరికి అంతా గుసగుస. పేకముక్కలు కలిపే చప్పుడు, మంచు నలిగే చప్పుడు లాంటివాటితో బీట్లు కట్టారు. వాటి మీద హార్ప్, మ్యూజిక్ బాక్స్, కోరస్. ఇది మాత్రం ఇయర్‌ఫోన్లు పెట్టుకునే వినండి, ఫోన్ స్పీకర్లో ఆ చిన్న చప్పుళ్లు సగం వినపడవు. నా ఓటు దీనికే, ముందే చెప్పేస్తున్నా.

'మెడుల్లా' దాదాపు మొత్తం మనిషి గొంతులతో చేసిందే. డ్రమ్ముల్లా వినిపించేవి కూడా చాలావరకు నోటితో పలికించినవే! మొదటిసారి కొత్తగా, కాస్త కష్టంగా ఉంటుంది. దయచేసి మధ్యలో ఆపేయకండి, రెండోసారి విన్నాకే అభిప్రాయం చెప్పండి.

శుక్రవారం రాత్రిలోగా మూడూ వినేయండి. షఫుల్ వద్దు, పాటల వరుస ముఖ్యం. ఒక్కో ఆల్బమ్‌లో మీకు బాగా నచ్చిన పాట, అందులో ఏ నిమిషం దగ్గర మనసు ఆగిందో రాసి ఇక్కడ పెట్టండి. ర్యాంకులు మాత్రం కాల్‌లోనే.

రాలేనివాళ్లు రెండు నిమిషాల వాయిస్ మెసేజ్ పంపితే అందరికీ వినిపిస్తా.

మర్చిపోకండి: శనివారం, 8 గంటలకి. లింక్ 7:45కి పెడతాను.