మంత్రిగారూ, మైత్రి ముందున్న మంచు లోపల ఏముందో చూడాలి

కేంద్ర భూవిజ్ఞాన శాఖ మంత్రి గారికి నమస్కారం.

అంటార్కిటికాలో మన మొదటి స్టేషన్ దక్షిణ గంగోత్రిని 1983-84లో కట్టింది నేల మీద కాదు, సముద్రంలో తేలే ఐస్ షెల్ఫ్ మీద. కొన్నేళ్లకే అది మంచులో కూరుకుపోయింది, రాతినేల చూసుకుని మైత్రి కట్టుకున్నాం. కాబట్టి ఐస్ షెల్ఫ్‌ను పైనుంచి చూసి నమ్మకూడదని మీ శాఖకు నేను చెప్పక్కర్లేదు. అయినా చెబుతున్నాను, ఎందుకంటే లోపల తవ్వి చూసే ఖర్చు మాట వచ్చేసరికి "శాటిలైట్ ఫొటోలు ఉన్నాయిగా" అనేవాళ్లు ఎక్కడైనా ఉంటారు.

ఫొటోలో కనిపించేది పైతోలు మాత్రమే. 2002లో లార్సెన్ బి ఐస్ షెల్ఫ్ దాదాపు 3,250 చదరపు కిలోమీటర్ల మేర కొన్ని వారాల్లోనే తునాతునకలైంది. మీద నీళ్ల మడుగులు అందరికీ కనబడ్డాయి, సరే. ఆ నీళ్లు మంచును ఎలా చీల్చగలిగాయన్నది లోపలి కథ. పైన ఫిర్న్ అనే పొర ఉంటుంది, గాలి సందులతో స్పాంజిలా, కరిగిన నీటిని పీల్చేసుకుంటుంది. ఆ నీరు మళ్లీ గడ్డకట్టి సందులు పూడిపోయాక కొత్త నీటికి చోటుండదు, పగుళ్లలోకి దిగుతుంది, నీరు మంచుకన్నా బరువు కదా, నిండిన పగులు అడుగుదాకా కోసుకుపోతుంది. దాని పక్కనే ఉన్న లార్సెన్ సి ఐస్ షెల్ఫ్‌లో బోరు వేసి చూస్తే, ఫిర్న్ ఉండాల్సిన చోట పదుల మీటర్ల మందాన గట్టి మంచు బయటపడింది, అదీ మామూలుకన్నా దాదాపు 10 డిగ్రీలు వెచ్చగా. ఏ ఫొటో చెప్పింది ఈ సంగతి?

తేలే మంచు కరిగితే సముద్రమట్టం పెద్దగా పెరగదని కొందరు కొట్టిపారేస్తారు. నిజమే, కానీ అది వెనకున్న హిమానీనదాలకు అడ్డుకట్ట. లార్సెన్ బి పోయాక దాని వెనక హిమానీనదాలు వేగం పెంచాయి.

ఇక మైత్రికి ఎదురుగా ఉన్న నివ్లిసెన్ ఐస్ షెల్ఫ్. 2016-17 వేసవిలో దాని మీద కరిగిన నీరు మడుగు నుంచి మడుగుకు పారుతూ సముద్రం వైపు సాగింది. అప్పట్లోనే నార్వేతో కలిసి మనవాళ్లు పెట్టిన రాడార్లు అడుగు భాగం ఏడాదికి సగటున సుమారు 0.8 మీటర్లు కరుగుతోందని, సముద్రపు అంచున ఇంకా ఎక్కువని చూపించాయి. మంచి పని, మెచ్చుకోవాల్సిందే. కానీ ఒక ఏడాది లెక్కతో జాతకం రాయలేం. ఆ రాడార్లు ఏళ్ల తరబడి అక్కడే ఉండాలి, ఫిర్న్‌లో ఇంకా ఎంత ఖాళీ మిగిలిందో బోర్లు వేసి కొలవాలి, వచ్చిన డేటాను ఎవరైనా చూసుకునేలా బయట పెట్టాలి.

జవాబు రాసే తీరిక ఉంటే ఒక్కటి చెప్పండి చాలు. వచ్చే యాత్ర సామాన్ల లిస్టులో బోరు యంత్రం ఉందా, లేదా?