మేల్కొన్నది కృష్ణబిలం కాదు

సంపాదకుడు గారికి,

ఎక్స్-కిరణాల విస్ఫోటనం వార్త వచ్చిందంటే 'నిద్ర లేచిన కృష్ణబిలం' అన్న శీర్షిక తప్పదు. నిద్రపోయేదీ లేచేదీ దాని చుట్టూ తిరిగే వాయువు పళ్లెం, అంటే అక్రీషన్ డిస్క్. కృష్ణబిలంలో మారిందేమీ లేదు.

హంస రాశిలోని వి404 అనే కృష్ణబిలం-నక్షత్రం జంట 1989లో వెలిగింది, మళ్లీ 2015 జూన్‌లో. మధ్యలో ఆ 26 ఏళ్లూ తోడు నక్షత్రం నుంచి వాయువు వస్తూనే ఉంది. చల్లటి హైడ్రోజన్‌కు జిగట తక్కువ కనుక లోపలికి జారక డిస్క్‌లోనే పోగుపడింది. ఎక్కడో ఒకచోట వేడి 10,000 డిగ్రీల దరిదాపుకు చేరితే హైడ్రోజన్ అయనీకరణం చెంది (పరమాణువుల నుంచి ఎలక్ట్రాన్లు విడిపోయి), జిగట అనేక రెట్లు పెరుగుతుంది. నిండగానే తూము తనంతట తానే లేచే చెరువు అనుకోండి. లోపల పుట్టిన ఎక్స్-కిరణాలు బయటి డిస్క్‌ను కాస్తుంటాయి, అందుకే తూము నెలల తరబడి మూసుకోదు. వి404 మాత్రం రెండు వారాల్లోనే చల్లారింది. డిస్క్ నుంచి వీచిన గాలే వాయువును ఊడ్చేసిందన్న వాదన బలంగా ఉంది.

అసలు ఆసక్తికరమైన మార్పు రంగులో, అంటే ఎక్కువ శక్తి, తక్కువ శక్తి ఎక్స్-కిరణాల పాళ్లలో, కనిపిస్తుంది. 2018 మార్చిలో బయటపడ్డ మాక్సీ జె1820+070 అనే మరో కృష్ణబిలం జంటను చూడండి. జులై దాకా కఠిన దశ, అంటే ఎక్కువ శక్తి కిరణాలదే పైచేయి: కిరణాల్లో ఎక్కువ భాగం కృష్ణబిలం దగ్గరి, వంద కోట్ల డిగ్రీల స్థాయి వేడి వాయువైన కరోనా నుంచి (వైరస్‌తో సంబంధం లేదు, సూర్యుడి కరోనా పేరే). జులైలో కొద్ది రోజుల్లోనే తక్కువ శక్తి కిరణాలు ఎక్కువగా ఉండే మృదు దశకు మారింది. డిస్క్ వెలుగే పైచేయి అయింది, రేడియో తరంగాల్లో కనిపించే జెట్ (వేగంగా చిమ్ముకొచ్చే పదార్థపు ధార) అణగింది. సెప్టెంబరు చివరికి మళ్లీ కఠిన దశ. తమాషా ఏమిటంటే వెళ్లిన దారిన తిరిగి రాదు. ఇలాంటి విస్ఫోటనాల్లో తిరుగు మార్పు సాధారణంగా ఎడింగ్టన్ పరిమితిలో (కాంతి ఒత్తిడి, గురుత్వాకర్షణ సరితూగే వెలుగు) 1 నుంచి 4 శాతం వెలుగు దగ్గర జరుగుతుంది, పోయేటప్పటి మార్పు చాలాసార్లు అంతకంటే బాగా ఎక్కువ వెలుగులో. అంటే ఒకే వెలుగుకు రెండు వేర్వేరు డిస్క్‌లు ఉండొచ్చు. 'ఇంత వెలిగింది' అని మాత్రమే రాస్తే పాఠకుడికి సగమే చెప్పినట్టు.

రంగు తెలుసుకోవడం కష్టమేమీ కాదు. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంపై ఉన్న ఎక్స్-కిరణాల పరికరం మాక్సీ లెక్కలు అందరికీ అందుబాటులో ఉన్నాయి. 4-10 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి గల ఫోటాన్ల (కాంతి కణాల) లెక్కను 2-4 లెక్కతో భాగిస్తే చాలు, నిష్పత్తి పడిపోతే మృదు దశ.

డిస్క్ ఉష్ణోగ్రత, వెలుగులను బట్టి దాని లోపలి అంచు వ్యాసార్ధం లెక్కించడంలో మాత్రం జాగ్రత్త కావాలి. తిరగని, పది సూర్యుల బరువున్న కృష్ణబిలానికి అది సుమారు 90 కిలోమీటర్లు దాకా రావచ్చు. కనిపించే ఉష్ణోగ్రత అసలు దానికి సుమారు 1.7 రెట్లు ఉంటుంది. ఆ సవరణ మరిస్తే వ్యాసార్ధం దాదాపు మూడో వంతుకు పడిపోతుంది. మరో ఉచ్చు సీసీడీ, అంటే బొమ్మ తీసే ఎలక్ట్రానిక్ చిప్. 2015 సెప్టెంబరు 28న శ్రీహరికోట నుంచి వెళ్లిన ఆస్ట్రోశాట్ ఉపగ్రహంలోని ఎస్‌ఎక్స్‌టీ అనే ఎక్స్-కిరణాల దూరదర్శిని సుమారు 2.4 సెకన్లకోసారి బొమ్మ తీస్తుంది. మూలం మరీ వెలిగితే ఒకే చోట పడ్డ రెండు ఫోటాన్లను రెట్టింపు శక్తి గల ఒక్కటిగా లెక్కేస్తుంది, మృదు దశ కూడా కఠినంగా కనిపిస్తుంది. బొమ్మ నడిమి భాగం తీసేసి, చుట్టూ ఉన్న వలయాన్నే లెక్కించాలి. ఆస్ట్రోశాట్‌లోనే ఉన్న లాక్స్‌పీసీ అనే మరో ఎక్స్-కిరణాల పరికరం 3 నుంచి 80 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దాకా చూస్తుంది కనుక సరిపోల్చుకోవచ్చు.

ఇకపై ఇలాంటి వార్తలో వెలుగుతో పాటు ఆ నిష్పత్తినీ, ఏ దశలో ఉందో ఆ మాటనూ వేయగలరు.

- భౌతికశాస్త్ర అధ్యాపకుడు, నెల్లూరు