చెరిపేసిన మెసేజ్ మీద అప్పీలుకి వెళ్లేదెలా?

సంపాదకుడు గారికి నమస్కారం.

ముప్పై ఏళ్లకు పైగా ప్రభుత్వ ఆఫీసు ఫైళ్ల మధ్య గడిపి రిటైరైనవాడిని. అధికారుల ఈ-మెయిళ్లు, వాట్సాప్ మెసేజ్‌లు జనం అడిగితే చూపించాలా అన్న చర్చ వచ్చినప్పుడల్లా నాకు నోట్ ఫైలే గుర్తొస్తుంది.

గుమాస్తా రాసింది పైన ఉండేది. దాని కింద సూపరింటెండెంట్ మాట, ఆ కింద పై అధికారి ఆమోదమో, అభ్యంతరమో, తేదీతో సహా. ఏదైనా మాట కొట్టేస్తే ఆ గీత కిందనుంచి పాత మాట కనిపిస్తూనే ఉండేది, పక్కన పొట్టి సంతకం కూడా పెట్టాలి. పేజీలకు వరసగా నంబర్లుండేవి కాబట్టి ఒకటి చింపితే ఇట్టే దొరికిపోయేవారు. దొరలందరూ నిజాయితీపరులని కాదు నా ఉద్దేశం. దొంగతనం చేసినా జాడ మిగిలేది.

నా సర్వీసు చివరి రోజులకొచ్చేసరికి అసలు పని ఫోన్‌లోకి వెళ్లిపోయింది. సాయంత్రం గ్రూపులో నాలుగు మెసేజ్‌లు, చివర్లో పెద్దాయన నుంచి ఒక బొటనవేలి బొమ్మ. అంతే, నిర్ణయం అయిపోయింది! మర్నాడు ఫైల్లో నేను రాసేది ఒకటే ముక్క: ‘ఆదేశాల మేరకు’. ఎవరి ఆదేశం, ఎందుకిచ్చారు, వద్దన్నవాళ్లెవరు... ఏవీ ఉండవు. అలా రాసినందుకు ఇప్పుడు సిగ్గుగానే ఉంది.

చట్టంలో లోటుందా అంటే పెద్దగా లేదు. ప్రభుత్వ కాగితాలు జనం చూడొచ్చని స్వీడన్ 1766లోనే చట్టం చేసింది. మన సమాచార హక్కు చట్టం 2005లో వచ్చింది. అందులో ‘సమాచారం’ అంటే ఏమిటో చెప్పే సెక్షన్ 2(ఎఫ్)లో ఈ-మెయిళ్ల పేరు విడిగానే ఉంది. ఎందుకు కావాలో అడిగినవాడు చెప్పక్కర్లేదు కూడా. చిక్కల్లా అడిగే నాటికి ఆ మెసేజ్ మిగిలి ఉందా అన్న దగ్గరే వస్తుంది. ‘ఇవ్వం’ అని జవాబొస్తే అప్పీలుకి వెళ్లొచ్చు, కారణం అడగొచ్చు. ‘మా దగ్గర లేదు’ అన్నారనుకోండి, దేని మీద అప్పీలు చేస్తాం? అందుకే ఇచ్చే బాధ్యత గురించి ఎంత మాట్లాడుతున్నామో, భద్రపరిచే బాధ్యత గురించి అంతకన్నా ఎక్కువ మాట్లాడాలంటాను.

ఇది ఈనాటి గొడవ కాదు. అమెరికా ప్రభుత్వం ఇరాన్‌కు రహస్యంగా ఆయుధాలమ్మి ఆ డబ్బు నికరాగువా తిరుగుబాటుదారులకు మళ్లించిన ఇరాన్-కాంట్రా కుంభకోణం బయటపడిన 1986లో వైట్‌హౌస్‌లోని జాతీయ భద్రతా మండలి అధికారులు తమ కంప్యూటర్ మెసేజ్‌లు చెరిపేశారు. బ్యాకప్ టేపుల్లో ఉండిపోబట్టి దొరికాయి. ఆ తర్వాత ఆ మెసేజ్ వ్యవస్థ మీద కోర్టులో కేసు నడిస్తే, కాగితం మీద ప్రింటు తీసి పెడితే చాలు కదా అని ప్రభుత్వం వాదించింది. 1993లో అప్పీలు కోర్టు చాలదంది. ఎవరు పంపారు, ఎవరికి చేరింది, ఎప్పుడు చేరింది అన్నవి ప్రింటులో రాకపోవచ్చు కదా అంది. ఆ జడ్జీలు ఏనాడైనా రికార్డు రూమ్‌లో పనిచేశారేమో అనిపించింది నాకు!

‘అది నా సొంత ఫోన్ అండీ’ అనేది ఇంకో సాకు. కాలిఫోర్నియాలోని శాన్ హోసే నగరపాలక సంస్థ కూడా ఇదే వాదించింది. 2017లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. ప్రజల పని గురించి రాసింది ఏ ఖాతాలో ఉన్నా ప్రజల రికార్డేనంది. అలాగని ఫోన్లు లాక్కోమనీ అనలేదు. అధికారి తనే వెతికి, సంబంధించినవి ఇచ్చి, మిగతావి సొంతవేనని ప్రమాణపత్రం ఇస్తే సరిపోతుందంది. ఇంట్లోవాళ్ల కబుర్లు బయటపడతాయన్న టెన్షన్ దాంతో చాలావరకు తీరిపోతుంది.

మొన్న 2025 మేలో యూరప్‌లో వచ్చిన తీర్పు కూడా చూడండి. కోవిడ్ టీకాల కొనుగోలు రోజుల్లో యూరోపియన్ యూనియన్ పాలన చూసే యూరోపియన్ కమిషన్ అధ్యక్షురాలికి, టీకా కంపెనీ ఫైజర్ అధిపతికి మధ్య నడిచిన మెసేజ్‌లు ఒక పత్రిక అడిగింది. మా దగ్గర లేవని కమిషన్ చెప్పింది. లేవంటే కుదరదు, ఎందుకు లేవో నమ్మేలా చెప్పాలని కోర్టు ఆ తిరస్కరణను కొట్టేసింది.

ప్రతి మాటా బయటికొస్తే అధికారులు మనసు విప్పి సలహా ఇవ్వరంటారు. ఇందులో కొంత నిజముంది, కాదనను. దర్యాప్తు సాగుతున్న విషయాలు, మూడో మనిషి ఆరోగ్య వివరాలు ఆపాల్సిందే. ఆపడానికి చట్టాల్లో మినహాయింపులు ఉన్నాయి కదా, వాటిని వాడుకోమనండి. దాని కోసం మెసేజ్ మాయం కానక్కర్లేదు. ఇరవై నాలుగు గంటల్లో వాటంతటవే చెరిగిపోయేలా సెట్టింగ్ పెట్టుకుని ప్రభుత్వ పని చేస్తానంటే మాత్రం నాకు ఒకటే అర్థం తోస్తుంది. మర్యాద కోసం ఇక్కడ రాయను.

అమెరికాలో 2014 నుంచి ఒక చట్టం ఉంది. ఫెడరల్ అధికారి సొంత ఖాతా నుంచి ప్రభుత్వ పని మీద మెసేజ్ పంపితే, ఇరవై రోజుల్లోగా దాని పూర్తి కాపీ ఆఫీసు ఖాతాకు చేరాలి. ఇలాంటి గడువు ప్రతి చోటా పెట్టొచ్చు. దానికి పెద్ద సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు, ఫార్వర్డ్ చేయడం వస్తే చాలు. అది ఈ రోజుల్లో రానివాళ్లెవరు?

నేను బదిలీ అయిన ప్రతిసారీ ఛార్జ్ అప్పగించేటప్పుడు బీరువా తాళాలు, రబ్బరు స్టాంపులు, విరిగిన కుర్చీతో సహా లిస్టు రాసి, ఇద్దరం సంతకాలు పెట్టేవాళ్లం. నా తర్వాత వచ్చినాయన స్టేప్లర్ లేదని నాతో గంటసేపు వాదించాడు కూడా. ఫోన్‌లోని మూడేళ్ల నిర్ణయాల గురించి మాత్రం ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. ఆ లిస్టులో ఇంకో లైను చేర్చమని అధికారులను మీ పత్రిక అడగాలని నా మనవి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ సూపరింటెండెంట్